ఉప్పు అంచున తీపి నుయ్యి: కోనసీమ పెరటి నూతుల మరమ్మతు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గోదావరి మధ్యడెల్టా జలచరిత్ర ఇంతవరకు ప్రధానంగా ఆనకట్ట, కాలువల చరిత్రగానే సాగింది. ఇంటి పెరటిలోని నుయ్యికి అందులో దక్కిన చోటు స్వల్పం. మెట్టప్రాంతపు బావి నీరు తగ్గి చెడిపోతే, కోనసీమ నుయ్యి నీరుండగానే చెడిపోతుంది. కాబట్టి అక్కడ మరమ్మతు అంటే లోతు పెంచడం కాదని, లోతును అదుపులో ఉంచడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నేలస్వభావం, వరల నిర్మాణం, కాలువల రాక, నూతిపై హక్కును నిర్ణయించిన చట్టాలు, ఇటీవలి విపత్తులు అనే అంశాల వెలుగులో ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, నుయ్యి, వరలు, పూడికతీత, భూగర్భజలం, ఉప్పునీరు, ధవళేశ్వరం ఆనకట్ట, జలహక్కులు.

ప్రవేశిక

ఎండిన బావి రాయలసీమ, తెలంగాణ సాహిత్యంలో కరవుకు స్థిరపడిన ప్రతీక. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పాఠకునికి ఆ ప్రతీక అర్థమవుతుంది గాని, అనుభవంలోకి రాదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ మధ్యగా చీల్చిన ఈ నేలలో కొద్ది అడుగులు తవ్వితే నీరు కనబడుతుంది. చేద వేస్తే చాలు, నిండి పైకి వస్తుంది. అయినా ఇక్కడి గృహస్థుకు నూతి బెంగ తప్పలేదు. ఒక ఏడాది నీటిలో ఇసుక రావడం మొదలవుతుంది, మరొక ఏడాది నూతి చప్టా ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంకొక ఏడాది చైత్రమాసానికి కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురగరాదు. అప్పుడు ఇంటివారు "నుయ్యి చెడింది" అంటారు. ఎండింది అనరు.

'ఎండటం', 'చెడటం' అనే ఈ రెండు మాటల నడుమనున్న తేడాయే ఈ వ్యాసానికి ఆధారం. ఎండిన బావికి మందు లోతు. చెడిన నుయ్యికి అదే మందు వేస్తే అది చాలాసార్లు శాశ్వతంగా పోతుంది.

పదాల విషయం కొంత చెప్పుకోవాలి. 'బావి' సంస్కృత 'వాపీ' శబ్దభవం. 'నుయ్యి' దేశ్యం, విభక్తి ప్రత్యయాల ముందు 'నూతి'గా మారే పాతకాలపు మాట. తీరాంధ్రలో ఇంటివాడుక నీటికి సంబంధించినంతవరకు నుయ్యి అన్నదే సహజమైన పలుకు. ఇసుకనేలల్లో తవ్వే లోతులేని గుంటకు 'దొరువు' అనీ, ఏటి ఇసుకలో చేతితో తోడుకొనే గుంటకు 'చెలమ' అనీ వేరు పేర్లున్నాయి. కోనసీమలో చమురు, సహజవాయువుల కోసం తవ్వకాలు వచ్చాక వాటిని జనం బావులన్నారే తప్ప నూతులనలేదు. భాష తనంతట తాను చేసుకొన్న ఈ విభజన యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఆధారాల సంగతికి వస్తే, హెన్రీ మోరిస్ 1878లో వెలువరించిన గోదావరి జిల్లా వివరణ గ్రంథం, ఎఫ్. ఆర్. హెమింగ్వే 1907లో కూర్చిన జిల్లా గెజిటీరు పరిశోధకులందరూ మొదట తెరిచే పుస్తకాలు. వాటిలో నీటి చరిత్ర అంటే ప్రధానంగా ఆనకట్ట, కాలువ, లాకు, నీటితీరువా. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. కాలువనీరు ప్రభుత్వానికి రాబడి. పెరటి నుయ్యి ఎవరికీ పన్ను కట్టదు, కనుక ఎవరి లెక్కలోకీ రాదు. వ్రాతపత్రం లేనిచోట కట్టడమే పత్రం అవుతుంది. నూతి విషయంలో ఆ పత్రాన్ని పైనుంచి కిందికి, అంటే కొత్త వర నుంచి పాత వరకు చదువుకోవాలి.

తేలే నీరు

గోదావరి డెల్టా సుమారు ఆరువేల ఏళ్లుగా నది తెచ్చిన ఒండ్రుతో సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన నేల. నది ముందుకు జరిగినప్పుడల్లా వెనుక మిగిలిపోయిన పాత సముద్రతీరాలు నేటికీ ఇసుకమెరకలుగా కనిపిస్తాయి. మెరకకూ మెరకకూ మధ్య బంకమట్టి పల్లాలున్నాయి. ఇళ్లు, కొబ్బరితోటలు మెరకమీద, వరిచేలు పల్లంలో ఉండటం ఈ ప్రాంతపు సామాన్య దృశ్యం. ఇంటిని మెరకమీద కట్టుకోవడానికి వరదభయం ఒక కారణమైతే, తీపినీరు రెండో కారణం. వాననీరు ఇసుకలోకి సులువుగా ఇంకుతుంది. బంకలో ఇంకదు.

ఇంకిన ఈ తీపినీరు కింద ఉన్న ఉప్పునీటితో వెంటనే కలిసిపోదు, దానిపై తేలుతుంది. తీపినీటికంటే సముద్రజలం సుమారు నూటికి రెండున్నర వంతులు బరువైనది. ఈ చిన్న తేడా ఎంత పెద్ద ఫలితాన్నిస్తుందో 1880ల చివర ఆమ్‌స్టర్‌డామ్ పరిసరాల ఇసుకదిబ్బల సందర్భంలో బాడన్ గైబన్, 1901లో ఉత్తరసముద్ర ద్వీపాల నీటిసరఫరా సందర్భంలో హెర్జ్‌బెర్గ్ విడివిడిగా వివరించారు. సముద్రమట్టానికి పైన ఒక అడుగు తీపినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మందాన తీపినీరు ఉంటుందన్నది వారి లెక్క. సూత్రాన్ని తిరగేసి చదివితే నూతి యజమానికి భయం కలుగుతుంది. పైన ఒక అడుగు మట్టం తగ్గి అలాగే ఉండిపోతే, కిందనుంచి ఉప్పు కాలక్రమేణ 40 అడుగులు పైకి రాగలదు.

ఇది ఆదర్శస్థితికి చెందిన లెక్క. కోనసీమ నేల అంత సరళమైనది కాదు. ఇసుకపొరల మధ్య బంకపొరలున్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు మధ్యడెల్టాపై 2010 తరువాత ప్రచురించిన అధ్యయనాలు, అక్కడి ఉప్పదనంలో నేటి సముద్రం చొరబాటు ఒక్కటే కాక, డెల్టా ఏర్పడిన కాలంనాటి సముద్ర అవక్షేపాల్లో చిక్కుకుపోయిన పాత ఉప్పునీటి పాత్ర కూడా ఉందని సూచించాయి. అంటే సముద్రానికి మైళ్ల దూరాన ఉన్న ఊళ్లో కూడా బంకపొరను గుచ్చితే కిందనుంచి ఉప్పు రావచ్చు. 'లోతుకు పోతే మంచినీరు' అనే మెట్టప్రాంతపు తర్కం ఇక్కడ తలకిందులవుతుంది.

నూతినీటిని బాగుచేయాలన్న ఆలోచన మన వాఙ్మయంలో కొత్తది కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గలాధ్యాయంలో భూగర్భజల లక్షణాలను వివరిస్తూ, కలకదేరిన, ఉప్పగానో చేదుగానో ఉన్న నూతినీటికి అంజనం, తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరిక మొదలైనవాటిని చిల్లగింజతో కలిపి వేయమన్నాడు. చిల్లగింజ నీటిలోని మలినాన్ని అడుగుకు దించుతుందన్నది నేటి పరీక్షలూ అంగీకరించే విషయం. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం అది తీయలేదు. ప్రాచీనశాస్త్రాన్ని మెచ్చుకొనే ఉత్సాహంలో ఈ రెండింటినీ కలిపివేయడం మన వ్యాసాల్లో తరచు కనిపించే పొరపాటు.

వరల నుయ్యి

రాయి దొరకని ఒండ్రునేలలో గుండ్రని గోతిని నిలబెట్టడానికి మానవుడు కనుగొన్న ఉపాయం కాల్చిన మట్టివర. హస్తినాపురంలో 1950–52 తవ్వకాలలోనూ, పుదుచ్చేరి సమీపాన అరికమేడులోనూ, ఇటీవల తమిళనాడులోని కీళడిలోనూ ఇటువంటి వరల నూతులు బయటపడ్డాయి. వాటిలో కొన్ని తాగునీటికి, కొన్ని మురుగు ఇంకించడానికి వాడినవి. రెండువేల ఏళ్ల వ్యవధిలో ఈ నిర్మాణసూత్రం మారలేదు. మారింది పదార్థం మాత్రమే. కుమ్మరి ఆవంలో కాలిన వర స్థానాన్ని ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు వర ఆక్రమించింది.

వరను దించే పద్ధతి తెలియకపోతే అది ఎందుకు చెడుతుందో తెలియదు. ముందుగా నీటిచెమ్మ తగిలేవరకు గొయ్యి తవ్వుతారు. మొదటి వరను అందులో నిటారుగా నిలిపి, దాని లోపల కూర్చుని అడుగుమట్టి తోడుతారు. మట్టి పోతున్నకొద్దీ వర తన బరువుతోనే దిగుతుంది. దానిపై రెండోది, ఆపై మూడోది. పనివాడి నేర్పంతా వరను సమంగా దింపడంలోనే ఉంది. ఒక పక్క ఎక్కువ తోడితే వర వాలుతుంది. ఒకసారి వాలిన వరుసను సరిచేయడం దాదాపు అసాధ్యం. అడుగున ముతక ఇసుక తగిలి ఊట బాగా వచ్చినచోట ఆపుతారు. ఈ 'ఆపడం' అనేది కోనసీమ నూతిపనిలో అన్నిటికంటే విలువైన తెలివి. కొలతబద్ద లేకపోయినా అది నాలుకమీద ఆధారపడింది. నీరు రుచి చూస్తూ దిగాలి, రుచి మారేలోపు ఆగాలి.

ఇటువంటి నుయ్యి చెడే దారులు కొన్నే. వరకూ వరకూ మధ్య అతుకు వదిలితే, నీటితోపాటు సన్న ఇసుక లోపలికి జారుతుంది. అలా జారిన ఇసుక వర వెనుక బోలును మిగిల్చుతుంది. బోలుమీద చప్టా కుంగుతుంది. చప్టా పగుళ్లనుంచి స్నానాల నీరు, గాబు కడిగిన నీరు తిరిగి నూతిలోకే చేరుతుంది. కాబట్టి బొక్కెనలో వచ్చిన పిడికెడు ఇసుక, చప్టా పగులు, ఇంట్లో పిల్లల విరేచనాలు వేర్వేరు విషయాలుగా కనిపించినా ఒకే లోపానికి మూడు రూపాలు. మొక్కల వేళ్లు అతుకుల్లో దూరడం మరొక కారణం. నూతిపక్కనే కొబ్బరిచెట్టు ఉండటం కోనసీమ పెరటికి అందమే గాని, వరకు క్షేమం కాదు. అతుకులో మొలిచిన రావిమొక్కను చూసీ ఊరుకొనే గృహస్థులు ఎక్కువ. రావిని పీకడానికి చేయి రాదు, నూతిని పోగొట్టుకోవడానికి మనసు రాదు.

పూడికతీతకు అనువైన కాలం వేసవి. మట్టం తగ్గి ఉంటుంది, పొలంపని ఉండదు. అయితే పనిలో తొందర కూడదు. ఇసుకనేలలో నూతినీటిని ఒక్కసారిగా తోడివేస్తే, బయట నీటిమట్టం లోపలికంటే ఎత్తుగా ఉండి, ఆ ఒత్తిడికి అడుగుఇసుక ఉడుకుతున్న గంజిలా పైకి పొంగుతుంది. గంటలో తీసిన పూడిక రాత్రికి తిరిగి నిండుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం, అడుగు ఆధారం పోయి వరలు కుంగడం. అందుకే కొంత నీరుండగానే, కొంచెం కొంచెంగా పూడిక ఎత్తాలి. అతుకులు బాగా వదిలిన నూతికి నమ్మదగిన మరమ్మతు 'నూతిలో నుయ్యి'. పాత వరుస లోపల తక్కువ వ్యాసంగల కొత్త వరలు దించి, రెండింటి మధ్య ఖాళీని ముతక ఇసుకతోనో, నలగగొట్టిన ఇటుకముక్కలతోనో నింపుతారు. ఆ నింపుడు వడపోతగా పనిచేస్తుంది. నుయ్యి ఇరుకవుతుంది, నిల్వ తగ్గుతుంది, కాని నీరు తేటపడుతుంది. పాత ఇంటి నుయ్యిలోకి తొంగిచూసినప్పుడు ఒకదానిలో ఒకటిగా వలయాలు కనిపిస్తే, అవి ఆ కుటుంబపు తరాల లెక్క అనుకోవచ్చు.

ఉప్పెక్కిన నూతికి చేయవలసింది ఇంకా విచిత్రమైనది. అడుగున శుభ్రమైన ఇసుక పోసి లోతు తగ్గించాలి, తోడకం తగ్గించాలి, వానకోసం ఆగాలి. ఏదో ఒకటి చేశామనే తృప్తి ఇందులో ఉండదు. పనివానికి కూలీ గిట్టదు, ఇంటాయనకు ఓపిక చాలదు. ఈ వైద్యం ప్రచారంలోకి రాకపోవడానికి కారణం దాని అశాస్త్రీయత కాదు, నిష్క్రియతలా కనిపించడమే.

నూతిలోకి దిగేముందు వెలిగించిన దీపాన్ని తాడుతో దింపి చూడటం, మండలు కట్టి పైకీ కిందికీ ఆడించి గాలి మార్చడం పాత ఆచారాలు. దీపం ఆరితే ప్రాణవాయువు చాలదని అర్థం. కాని దీపం ఆరలేదు కనుక విషవాయువు లేదని అర్థం కాదు. కుళ్లిన మట్టినుంచి పుట్టే వాయువుల్లో కొన్ని దీపాన్ని ఆర్పకుండానే మనిషిని పడవేయగలవు. ఒకరు పడితే తీయడానికి దిగిన రెండోవారు కూడా ప్రాణాలు కోల్పోవడం ఇటువంటి ప్రమాదాలన్నింటిలో పునరావృతమయ్యే విషాదం.

మరమ్మతు తరువాత శుద్ధి. 1890లలో ఆగ్రాలో పనిచేసిన ఇ. హెచ్. హాంకిన్ కలరా నివారణకు నూతుల్లో పొటాషియం పర్మాంగనేటు వేయడాన్ని ప్రచారం చేశాడు. నీరు గులాబిరంగుకు తిరగడం పల్లెజనానికి కనబడే సాక్ష్యం కనుక ఆ పద్ధతి దేశమంతటా పాకింది. తరువాత బ్లీచింగ్ పౌడరు వచ్చింది. ప్రజారోగ్య గ్రంథాలు మామూలు శుద్ధికి 1,000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, గంటసేపు విరామం అని చెబుతాయి. మీటరు వ్యాసం, మూడు మీటర్ల నీరు ఉన్న నూతిలో దాదాపు 2,350 లీటర్లుంటాయి. అంటే ఆరు గ్రాములు, ఒక చెంచాడు. పిడికిళ్లతో చల్లి, వాసన భరించలేక నెలపాటు నూతిని వదిలివేయడం మాత్రం ప్రతి వరద తరువాతా జరిగే తంతు.

ఆనకట్ట వచ్చాక

నందన సంవత్సరపు (1832–33) కరవు, 1839 నాటి కోరంగి ఉప్పెన గోదావరి జిల్లాను కుంగదీసిన ఘటనలు. ఆ నేపథ్యంలోనే ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు రూపుదిద్దుకొంది. మధ్యడెల్టాకు నీరు బొబ్బర్లంక నుంచి మొదలై లొల్ల లాకుల మీదుగా విస్తరించింది. వైనతేయకు పడమటనున్న నగరం ద్వీపానికి, అంటే నేటి రాజోలు ప్రాంతానికి, నీరు చేర్చాలంటే నదినే దాటించాలి. హేగ్ అనే యువ ఇంజనీరు ఆధ్వర్యంలో 1850లలో గన్నవరం వద్ద 49 కమానులతో, ఒక్కొక్క కమాను 40 అడుగుల వెడల్పుతో కట్టిన అక్విడక్టు ఆ పని చేసింది. ఇటీవలి కాలంలో దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు లంకలగన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ (1841–1909) పేరు పెట్టారు.

ఈ కథ అందరికీ తెలిసినదే. అందులో చెప్పుకోనిది ఒకటుంది. కాలువ ఎక్కడ పారితే అక్కడ నేలలోకి ఇంకుతుంది. వరిచేలో నెలల తరబడి నిలిచే నీరు కూడా ఇంకుతుంది. ఒక అడుగు మట్టానికి 40 అడుగుల మందం అన్న లెక్కను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆనకట్ట పొలానికి నీరిచ్చిందని చరిత్రకారులు వ్రాశారు. నూతికింద తీపినీటి పొరను కూడా అది పోషించిందని వ్రాయలేదు. ఆ లెక్కన చూస్తే కోనసీమ పెరటి నుయ్యి పంటకాలువకు కనిపించని శాఖ.

శాఖ అయినందుకు మూల్యమూ ఉంది. మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టివేయడం ఆనకట్ట వ్యవస్థలో అంతర్భాగం. కాలువ కట్టిన కొద్ది వారాలకు నూతిమట్టం దిగుతుంది, శివారు గ్రామాల్లో రుచి మారుతుంది. పంచాయతీలు కాలువ కట్టకముందే మంచినీటి చెరువులు నింపుకోవడానికి కారణమిదే. నీటిపారుదల శాఖ తన కట్టడాన్ని బాగుచేసుకొనే నెలలూ, గృహస్థుకు తన నుయ్యి చెడినట్లు తెలిసే నెలలూ ఒకటే కావడం కాకతాళీయం కాదు. అలాగే మురుగు కాలువలు. పంటకాలువ మీద పెట్టిన శ్రద్ధ మురుగు మీద పెట్టకపోవడం డెల్టా పాలనలో పాత జబ్బు. 2011లో కోనసీమ రైతులు సార్వాలో పంటవిరామం ప్రకటించినప్పుడు చర్చ గిట్టుబాటు ధర చుట్టూ ఎక్కువ తిరిగింది గాని, ముంపు సమస్య కూడా ఆ ఆవేదనలో ఉంది. పూడిన మురుగు కాలువలో ఆటుపోటులతో వెనక్కు తన్నే ఉప్పునీరు చేనునే కాదు, పక్కనున్న నూతినీ తడుముతుంది.

ఎవరి నుయ్యి?

భూమికింది నీరు ఎవరిది అన్న ప్రశ్నకు మన చట్టమిచ్చిన జవాబు ఇంగ్లండునుంచి దిగుమతి అయింది. లాంకషైరులో ఒక బొగ్గుగని తవ్వకం వల్ల పక్కనున్న నూలుమిల్లు నుయ్యి ఎండిపోయింది. 1843లో ఏక్టన్ – బ్లండెల్ వ్యాజ్యంలో న్యాయస్థానం, తన నేలలో తాను తవ్వుకొన్నవాడు పొరుగువాని నుయ్యికి బాధ్యుడు కాడని తేల్చింది. ఈ భావమే 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ఏడవ సెక్షనులోని ఉదాహరణగా మన దేశంలోకి వచ్చింది. నిర్దిష్టమైన ప్రవాహంగా కాక నేలకింద వ్యాపించివున్న నీటిని తన హద్దుల్లో తీసుకొనే హక్కు ఆ భూమి యజమానిది. ఆ చట్టం మొదట వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి. కాబట్టి కోనసీమ నుయ్యి తొలినాటినుంచే దాని నీడలో ఉంది. బొగ్గుగని ఉన్న చోట నేడు చెరువునో, మోటారునో ఊహించుకొంటే చాలు.

హక్కులో రెండో పార్శ్వం కులం. నుయ్యి తవ్వడం, పూడిక తీయడం, లోపలికి దిగడం తెలుగునాట శ్రామికకులాల పని. అదే నీటిని మడినీరుగా, వంటనీరుగా తోడుకొనే హక్కు వారిలో అనేకులకు లేదు. దళితునికి అగ్రవర్ణాల నూతిగట్టు ఎక్కే వీలే లేని కాలంలో, మరొకరు పైనుంచి పోస్తే దోసిలి పట్టవలసి వచ్చేది. ఈ అన్యాయంపై జరిగిన పోరాటాలు, వచ్చిన చట్టాలు మన పరిశోధనల్లో బాగానే నమోదయ్యాయి. అయితే వాటి పరిధిని జాగ్రత్తగా చదవాలి. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన నీరు తాగినది పురపాలక సంఘపు చెరువులో. 1938 నాటి మద్రాసు పౌరవికలత్వ నిర్మూలన చట్టం ప్రజోపయోగ జలాశయాలను ఉద్దేశించినది. రాజ్యాంగం 15(2) అధికరణ కూడా పూర్తిగాగాని కొంతగాగాని ప్రభుత్వనిధులతో నిర్వహించే, లేదా ప్రజలందరి వాడుకకు అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాలనే పేర్కొంటుంది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం సైతం ఇతర ప్రజలకు వాడుకొనే హక్కున్న నూతుల గురించే చెప్పింది. అంటే పెరటి నుయ్యి ఈ రక్షణల వెలుపల ఉండిపోయింది. పదిహేడవ అధికరణ అస్పృశ్యతను ఏ రూపంలోనైనా నిషేధించింది నిజమే. కాని గోడలోపలి నూతిగట్టు దగ్గర అది అమలైన తీరు చట్టంతో కాక, ఇంటి ఇల్లాలి మనసుతో ముడిపడింది.

ఈ అంశానికి మరమ్మతు చరిత్రతో నేరుగా సంబంధముంది. నూతి లోపలి స్థితి తెలిసినవాడు నూతి యజమాని కాడు. ఏ వర వాలిందో, ఎక్కడ ఇసుక జారుతోందో, ఎంత లోతున రుచి మారిందో చూసినది దిగిన మనిషి. తోడే స్త్రీకి బొక్కెన బరువు, నీటి రంగు, చేంతాడు పొడవు తెలుసు. ఈ ఇద్దరి జ్ఞానమూ కాగితం ఎక్కలేదు. 'జీర్ణోద్ధరణ' పుణ్యమని ధర్మగ్రంథాలు చెప్పిన ఫలితం యజమాని ఖాతాలో పడింది. సప్తసంతానాల పట్టికలో తటాకం ఉంది, నుయ్యి లేదు. తటాకప్రతిష్ఠకు శాసనం వేయించినవారున్నారు. నూతిలో వర మార్చినందుకు శాసనం ఎవరు వేయిస్తారు?

వరద, ఉప్పెన, తవ్వకాలు, చెరువులు

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహంతో వచ్చినప్పుడు లంకగ్రామాలతోపాటు కోనసీమలో విశాలప్రాంతం మునిగింది. ఏటివరద నూతిని ఒండ్రుతో, మురికితో నింపుతుంది. అది కష్టమే గాని తీపినీటి కష్టం. పూడిక తీసి, శుద్ధి చేస్తే నుయ్యి తిరిగి దక్కుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తీరాన్ని తాకిన తుపాను వేరు. వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన ఆ విపత్తులో కోనసీమ కొబ్బరి నేలమట్టమైన సంగతి అందరూ వ్రాశారు. సముద్రపునీరు పొంగి నేలమీద నిలిచినచోట నూతికి కలిగే దెబ్బ పైనుంచి వస్తుంది. అక్కడ సహజంగా కలిగే ఆలోచన నూతిని పదేపదే తోడిపారేయడం. 2004 సునామీ తరువాత శ్రీలంక తూర్పుతీరంలో వేలాది నూతులను ఇలాగే మోటార్లతో తోడారు. అతిగా తోడినచోట కిందనుంచి ఉప్పు ఎగబాకి పరిస్థితి మరింత దిగజారిందని, ఒకసారి శుభ్రపరచి వానలకోసం ఆగడమే మేలని అక్కడి అధ్యయనాలు తేల్చాయి. నేలకింద తీపినీరు పలుచని పొరగా తేలే చోట్లన్నిటికీ ఈ పాఠం వర్తిస్తుంది. పైన పేర్కొన్న 'ఆగే వైద్యం' సోమరితనం కాదనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అక్కరలేదు.

1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురుసంస్థ తవ్వుతున్న బావిలో వాయువు ఎగజిమ్మి అంటుకొన్న మంట 65 రోజులు ఆరలేదు. ఆ మంట కోనసీమవాసుల స్మృతిలో స్థిరంగా నిలిచింది. మధ్యడెల్టా భూగర్భజలంపై ఆ తరువాత పెరిగిన శాస్త్రీయ శ్రద్ధకు చమురు, వాయువుల వెలికితీతపై ప్రజల్లో కలిగిన సందేహాలు ఒక నేపథ్యం. నేల కుంగుతోందా, నూతినీరు మారుతోందా అన్న ప్రశ్నలకు ఊళ్లలో వినిపించే ఖచ్చితమైన సమాధానాలన్నిటినీ పరిశోధకుడు ఒకే తూకంతో తూచలేడు. పాత ఉప్పునీటి పాత్రను ఎత్తిచూపిన అధ్యయనాలను పక్కనబెట్టి, ప్రతి చెడిన నుయ్యినీ ఒకే కారణానికి కట్టివేయడం తేలిక.

రొయ్యలచెరువుల విషయంలో సంబంధం ఇంకా సూటిగా ఉంది. 1990లలో తీరాంధ్రమంతటా వరిచేలు చెరువులుగా మారాయి. ఉప్పునీటిని తెచ్చి ఇసుకనేలమీద నిలిపితే అది ఇంకుతుంది. వరిచేను తీపినీటి పొరను పోషించినట్లే, రొయ్యలచెరువు ఉప్పును దించుతుంది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో తాగునీటి వనరులు ఉప్పెక్కడం ముఖ్యమైన ఆరోపణల్లో ఒకటి. వ్యవసాయభూములను రొయ్యలచెరువులుగా మార్చరాదని ఆ తీర్పు ఆదేశించింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం ఈ రంగాన్ని అనుమతుల చట్రంలోకి తెచ్చింది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బావి తవ్వకాన్ని నియంత్రించింది. ఇక్కడ కూడా కాపాడబడినది ప్రజావనరు. పెరటి నుయ్యికి పొరుగు చెరువునుంచి చట్టం ఇచ్చిన దూరం అంత స్పష్టంగా లేదు. లాంకషైరు తీర్పు నీడ ఇంకా పూర్తిగా తొలగలేదు.

గిలక పోయి మోటారు వచ్చాక

చేదతో తోడే ఇంట్లో రోజుకు యాభై బొక్కెనలు తోడినా, బొక్కెనకు పది లీటర్ల చొప్పున అయిదువందల లీటర్లు. అది తెల్లవారుజామునుంచి రాత్రివరకు విడతలు విడతలుగా సాగే పని. నడుమ నుయ్యి ఊరుతూ ఉంటుంది. అంతే నీటిని అరగుర్రపు శక్తి మోటారు అరగంటలోపే మిద్దెమీది టాంకుకు ఎత్తివేస్తుంది. మొత్తం పరిమాణం ఒకటే అయినా, తోడే వేగం వేరు. వేగంగా తోడినప్పుడు నూతిలో మట్టం ఒక్కసారి పడుతుంది. ఆ పతనం చుట్టుపక్కల సన్న ఇసుకను అతుకులగుండా లాగుతుంది. కిందనున్న ఉప్పునీటిని గోపురాకారంలో పైకి లేపుతుంది. స్త్రీల భుజాలకు మోటారు ఇచ్చిన విశ్రాంతి చిన్నది కాదు, దాన్ని తక్కువచేసి చూడటం న్యాయం కాదు. అయితే ఆ భుజాల అలసటే తెలియకుండా నూతికి కాపలా కాసిందన్నదీ అంతే వాస్తవం.

మోటారు బిగించాక నూతి నోటిని సిమెంటు పలకతో మూసివేస్తారు. ఆకులు, ఎలుకలు, పసిపిల్లలు పడకుండా అది మంచిదే. కాని మూత పడ్డాక లోపల చూసేవారుండరు. వర వాలినా, రావిమొక్క మొలిచినా తెలియదు. నీరు రంగు మారేదాకా మరమ్మతు మాట రాదు. అప్పటికి చాలా ఇళ్లలో పక్కనే గొట్టపుబావి దింపే ఆలోచన మొదలవుతుంది. గొట్టం బంకపొరను గుచ్చుకొని దిగుతుంది. కింద తీపినీరు తగిలిన అదృష్టవంతులున్నారు. ఉప్పు తగిలినచోట, సరిగా మూసివేయని ఆ గొట్టమే కిందిపొరకూ పైపొరకూ దారిగా మారుతుంది. తనకు నీరివ్వని గొట్టం పొరుగువాని నుయ్యికి ఉప్పునివ్వగలదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం ఇంటింటికీ కొళాయి. కోనసీమలో కొళాయినీటికి మూలం చాలాచోట్ల తిరిగి అదే గోదావరి, అదే కాలువ, అదే మంచినీటి చెరువు. కాలువ కట్టివేత నెలల్లో కొళాయి సన్నబడినప్పుడు జనం మళ్లీ నూతి మూత తీస్తున్నారు. మూత తీసినవారిలో చాలామందికి లోపల ఎన్ని వరలున్నాయో తెలియదు. దించినవారు ఊళ్లో లేరు, దిగేవారు దొరకడం లేదు. తాళ్లు, గిలకలు అమ్మే దుకాణాల్లో పాతాళగరిగె అడిగితే కుర్రవాళ్లు అదేమిటని అడుగుతున్నారు. మధ్యడెల్టాలోని ఒక్క గ్రామంలోనైనా పెరటి నూతులన్నిటినీ వరుసగా కొలిచి, వరల సంఖ్య, పదార్థం, వ్యాసం, కాలువ కట్టకముందూ కట్టిన తరువాతా నీటిమట్టం, రుచి నమోదు చేసి, దిగిన పనివారి మౌఖిక కథనాలతో సరిచూసే పని పరిశోధక విద్యార్థికి రెండు వేసవులకు సరిపోతుంది. మూతలు కొత్తవే అయినా, వాటికింద మట్టివరలు ఇంకా కొన్ని మిగిలేవున్నాయి.